తొక్కడం వేరు, నడపడం వేరు

తెలుగువారు ఎడ్లబండిని తోలుతారు, పడవను నడుపుతారు, కారునూ స్కూటరునూ నడుపుతారు. సైకిలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం తొక్కడంతో సరిపెట్టుకొంటారు. ఉర్దూ మాతృభాషగా గలవారు అదే పనిని ‘సైకిల్ చలానా’ అంటారు. (పోలీసువారు వ్రాసి చేతికిచ్చే చలానా వేరు, ఇది వేరు.) ఇక్కడ చలానా అంటే నడిపించడం, దుకాణం నడపడానికీ, ఇల్లు నడపడానికీ వారికి అదే మాట. రెండు భాషలూ ఒకే వరండాలో వినిపించే కళాశాలలో పనిచేస్తున్నందువల్ల ఈ తేడా నా చెవిని పడింది. తొక్కడం కాళ్ల పని. నడపడం కన్నులు, మెడ, చేతులు, నడుము కలిసి చేసే పని. వాటన్నింటి మీదా బుద్ధి పెత్తనం చేయవలసిన పని. మన విద్యార్థులలో మొదటిది రానివారు అరుదు. రెండవదానిని ఒకరు నేర్పగా నేర్చుకొన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. దానిని నేర్పవలసిన బాధ్యత కళాశాలకు ఉన్నదని నా అభిప్రాయం.

తెలుగు అధ్యాపకునికి ఈ ప్రసంగం ఎందుకని కమిటీ పెద్దలు అనుకోవచ్చు. నేను నిత్యమూ ఆరు కిలోమీటర్లు సైకిలు మీదనే వచ్చిపోతున్నవాడిని. దారిలో నా ముందూ వెనుకా వచ్చే మన విద్యార్థులను చూస్తున్నవాడిని. అయితే ఈ వ్యాసానికి ప్రేరణ అది కాదు. మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి లేచి చెప్పిన మాటలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆయన కుమార్తె ఇంటర్మీడియట్ రెండేళ్లూ సైకిలు మీద వచ్చింది. డిగ్రీలో చేరిన తరువాత ఒకనాడు బైపాసు కూడలి దగ్గర వెనుక నుండి వస్తున్న ఆటో తగిలి పడింది. దైవకృప వల్ల మోచేయి గీసుకుపోవడంతో ప్రమాదం తప్పింది. మరునాటి నుండి సైకిలు గోడకు చేరింది. ఆటోకు రోజూ రానూపోనూ ఇచ్చుకొనే శక్తి ఆ ఇంటికి లేదు. అందుచేత ఆ అమ్మాయి వారానికి మూడు రోజులు వస్తున్నది, హాజరు చాలనందుకు కట్టవలసిన రుసుము వేరే మీద పడుతున్నది. ఆయన బస్సు వేయమని అడిగారు. కమిటీవారు ఆలోచిస్తామన్నారు.

బస్సు రావలసినదే, నేను కాదనను. కాని ఆ సభలో ఎవరూ అడుగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ అమ్మాయి ఎందువల్ల పడింది? తరువాత నేను ఆమెనే అడిగాను. కుడివైపుకు తిరుగవలసి ఉండి, వెనుక ఏదైనా వస్తున్నదేమోనని తల తిప్పి చూచిందట. చూడడం ఉత్తమమైన అలవాటు. కాని తల తిప్పిన ఆ క్షణంలో సైకిలు తనంతట తానే ఒక మూర కుడికి జరిగింది. ఆటో అక్కడే ఉన్నది. అజాగ్రత్త అని దీనిని అనగలమా? జాగ్రత్తపడబోయే ఆమె పడింది. జాగ్రత్త ఎట్లా పడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇందులోని కీలకం ఇది. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే చేయి లాగుతుంది, చేయి లాగితే హ్యాండిల్ తిరుగుతుంది. కుడి భుజం మీదుగా వెనుకకు చూచేవాని సైకిలు కుడివైపుకే, అనగా వాహనాలు వస్తున్న వైపుకే జరుగుతుంది. ఇది స్వభావం. దీనిని సాధనతో మాన్పవచ్చు. హ్యాండిల్ మీద పిడికిలి బిగువు సడలించి, మోచేతులు కొద్దిగా వంచి, నడుము కదలకుండా గడ్డాన్ని మాత్రం కుడి భుజానికి ఆనించినట్లు తిప్పాలి. అప్పటికీ సైకిలు జరుగుతూ ఉంటే, కుడిచేతిని హ్యాండిల్ మీద నుండి తీసి తొడ మీద పెట్టుకొని చూడాలి; లాగే చేయి అక్కడ లేకపోతే లాగుడు కూడా ఉండదు. చూపు అర క్షణమే. తల మళ్లీ ముందుకు రావాలి. చూచినది చాలకపోతే మరొక్కసారి చూడాలి, అంతేకాని ఒకే చూపును పొడిగించరాదు.

దీనిని నేర్పడానికి మన వాలీబాల్ కోర్టు చాలు. దాని పొడవు గీత 18 మీటర్లు. విద్యార్థి ఆ సున్నపు గీత మీద సైకిలు నడుపుకొంటూ పోవాలి. వెనుక నిలుచున్న స్నేహితుడు కొన్ని వ్రేళ్లు ఎత్తి చూపాలి. పోయేవాడు తల తిప్పి, ఎన్ని వ్రేళ్లో చెప్పి, గీత దాటకుండా కొనవరకు పోవాలి. మన ప్రథమ సంవత్సరపు కుర్రవాళ్లు కొందరితో ఒక సాయంత్రం ఈ పరీక్ష చేయించాను. వారిలో రెండు చేతులూ వదిలి బజారులో తిరిగే ప్రవీణులు ఉన్నారు. మొదటిసారి ఒక్కడూ గీత మీద నిలువలేదు. అరగంట గడిచేసరికి సగంమందికి వచ్చింది. ఇంత స్వల్పకాలంలో వచ్చే విద్య లేనందుకు ఒక అమ్మాయి చదువు సగానికి సగం ఆగిపోయిందన్న సంగతి నన్ను కలతపెడుతున్నది.

మనం సైకిలు నేర్చుకొనే తీరే ఇందుకు కారణమనుకొంటాను. వెనుకటి తరం వారు సైకిలు టాక్సీలో గంటకు ఇంతని అద్దెకు తెచ్చి, సీటు అందక, కడ్డీల మధ్య నుండి కాలు దూర్చి తొక్కి నేర్చుకొన్నారు. గంట పూర్తి అయ్యేలోగా పడకుండా పోగలిగితే అదే పట్టా. సైకిలు టాక్సీలు చాలావరకు పోయాయి, ఇప్పుడు ఇంటికొక సైకిలు వచ్చింది. నేర్పే పద్ధతిలో మాత్రం మార్పు లేదు. అన్న సీటు పట్టుకొని నాలుగడుగులు పరుగెత్తి వదిలేస్తాడు. పడకుండా నలభై గజాలు పోయిన నాటితో విద్యాభ్యాసం సమాప్తం. పైగా పిల్లవాడు పెరుగుతాడు గదా అని రెండేళ్ల తరువాత సరిపోయే సైకిలును ఇప్పుడే కొంటాము. నేల అందని కాలితో కూడలిలో ఆగవలసివచ్చిన పిల్లవాడు ఆగడానికే భయపడతాడు. ఆగడానికి భయపడేవాడు ఎర్రదీపం దగ్గర కూడా ఆగడు.

మన వార్షిక క్రీడోత్సవంలో నిదానపు సైకిలు పందెం ఒకటి ఉన్నది. చివరగా వచ్చినవాడే గెలిచినవాడు కావడం వల్ల అందరమూ నవ్వుకొంటాము. పరుగుపందాలకు ఇచ్చే వెండి కప్పు దానికి ఇవ్వము, సబ్బుపెట్టె ఇస్తాము. నా దృష్టిలో ఆ రోజు జరిగే పోటీలలో నిత్యజీవితానికి పనికివచ్చేది అదొక్కటే. వేగంగా పోయే సైకిలును నిలబెట్టడం సులభం, హ్యాండిల్ వెంట్రుకవాసి కదిలితే చాలు. వేగం తగ్గినకొద్దీ హ్యాండిల్‌ను ఎక్కువగా త్రిప్పవలసి వస్తుంది, ఒడలిని తూచవలసి వస్తుంది. రద్దీ బజారులో తోపుడుబండి వెనుక మనిషి నడకవేగంతో పోవలసివచ్చినప్పుడు మనవారు ఎడమకూ కుడికీ పాములా మెలికలు తిరిగేది ఈ సాధన లేకనే. తల నిటారుగా ఉంచి, చూపు చక్రం మీద కాక పది అడుగుల ముందు నిలిపి, పెడలును ఆపకుండా సన్నగా తొక్కుతూ, వెనుక బ్రేకును కొంచెం ఆనించి పట్టుకోవడం ఇందులోని కిటుకు. ఈ పందెం గెలిచినవానిని నేను నమ్మి నా వెనుక రానిస్తాను.

సైకిలు ఎందుకు పడదు అన్నది విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్న. చక్రాలు గిర్రున తిరుగుతున్నందువల్ల నిలబడుతుందని వాడుకలో ఉన్న సమాధానం సంపూర్ణం కాదు. ఆ తిరుగుడు ప్రభావాన్ని పూర్తిగా రద్దుచేసి కట్టిన సైకిలు కూడా మనిషి లేకుండానే నిలబడి పోగలదని నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు 2011లో చేసి చూపించారు. మనకు కావలసిన ముఖ్యసూత్రం ఇంతే: ఎటు పడబోతే అటే హ్యాండిల్ తిరిగితే చక్రాలు బరువు క్రిందికి వచ్చి చేరుతాయి. విమానాన్ని ఎగురవేసిన రైట్ సోదరులు సైకిళ్ల వ్యాపారులన్న సంగతి చాలామందికి తెలుసు. 1892లో వారు అమెరికాలోని డేటన్ పట్టణంలో దుకాణం తెరిచారు. 1903లో విమానం ఎగిరింది. వారిలో పెద్దవాడైన విల్బర్ రైట్ గమనించిన విచిత్రం ఒకటి ఉన్నది. ఎడమకు తిరుగదలచినవాడు తనకు తెలియకుండానే హ్యాండిల్‌ను మొదట కొంచెం కుడికి త్రిప్పుతాడు. చక్రాలు కుడికి జరుగుతాయి, శరీరం ఎడమకు వాలుతుంది, ఆ తరువాతనే హ్యాండిల్ ఎడమకు తిరుగుతుంది. ఎందరిని అడిగినా తాము ఎట్లా తిరుగుతున్నామో ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారట. మన చేతులకు తెలిసిన విద్య మన బుద్ధికి తెలియకపోవడం అంటే ఇదే. ఎదుట హఠాత్తుగా కుక్క అడ్డం వచ్చినప్పుడు ఈ రహస్యం తెలిసినవాడు ప్రక్కకు తప్పుకోగలడు. తెలియనివాడు బిగుసుకుపోయి దాని మీదికే పోతాడు.

బ్రేకుల విషయంలో మనవారికి ఒక మూఢవిశ్వాసం ఉన్నది. ముందు బ్రేకు పట్టితే బోర్లా పడతామని తల్లిదండ్రులు చెబుతారు, పిల్లలు నమ్ముతారు. మన స్టాండులోని సైకిళ్లను ఒకసారి పోయి చూడండి. ముందు బ్రేకు లేనివి కొన్ని, ఉన్నా అరిగిన రబ్బరుతో పనికిరానివి కొన్ని. నిజానికి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది. ముందు చక్రం నేలను గట్టిగా అదుముతుంది, వెనుక చక్రం తేలికపడుతుంది. తేలికపడిన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది జారుతుందే తప్ప ఆపదు. లెక్క చూపుతాను. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక సెకనులో 5 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదానిని చూచి చేయి బ్రేకు మీదికి పోవడానికి సుమారు ఒక సెకను పడితే, బ్రేకు పట్టకముందే 5 మీటర్లు అయిపోయాయి. ఆపైన పొడినేల మీద రెండు బ్రేకులూ సరిగా పట్టినవాడు మరొక రెండున్నర, మూడు మీటర్లలో ఆగగలడు. వెనుక బ్రేకుతోనే ఆగదలచినవానికి ఇంచుమించు అంతకు రెట్టింపు కావాలి. ఆ తేడాలో ఒక మనిషి నిలుచోవచ్చు.

బోర్లా పడడం అబద్ధమని నేననను. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజినవాడు, చేతులు వదులుగా ఉంచి గుంజినవాడు, మలుపులోనూ ఇసుకలోనూ గుంజినవాడు పడతాడు. అందుకే సాధన. రెండు బ్రేకులనూ కలిపి, నిమ్మకాయ పిండినట్లు క్రమంగా బిగించాలి. చేతులు గట్టిగా చాచి, నడుమును సీటు మీద వెనుకకు జరపాలి. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు. తిరిగే వైపు పెడలు పైన ఉండాలి, లేకపోతే అది నేలకు తగిలి పడవేస్తుంది. వానలో ఇనుప రిమ్ముల సైకిలు బ్రేకు పట్టగానే ఆగదు, తడి తుడుచుకొనేదాకా రబ్బరు జారుతుంది. కాబట్టి కూడలి ఇంకా దూరంగా ఉండగానే ఒకసారి మెత్తగా పట్టి రిమ్మును ఆరబెట్టుకోవాలి. ఇప్పుడు కుర్రవాళ్లు తెస్తున్న లావుటైర్ల సైకిళ్లకు డిస్కు బ్రేకులు ఉంటున్నాయి. వాటి పట్టు గట్టిది. నేర్పు లేని వ్రేలికి అదే అపాయం. ఏ చేతి మీట ఏ చక్రానిదో కూడా తెలియకుండా ఇతరుల సైకిలు ఎక్కేవారిని రోజూ చూస్తున్నాను.

మన ప్రాంతపు రోడ్లకు ప్రత్యేకమైన గండం తారు అంచు. రోడ్డు మీద పొర మీద పొర తారు వేస్తూ పోవడం వల్ల ప్రక్కనున్న మట్టికీ తారుకూ మధ్య జానెడు ఎత్తు ఏర్పడింది. లారీ హారనుకు బెదిరి మట్టిలోకి దిగినవాడు, లారీ పోగానే అంచు వెంబడి నెమ్మదిగా ప్రక్కవాటుగా పైకి ఎక్కబోతాడు. ముందు చక్రం అంచును రాసుకొంటుంది, ఎక్కదు, హ్యాండిల్ తిరుగదు, శరీరం మాత్రం కుడికి వాలుతుంది. పడేది రోడ్డు మీదికే, వెనుక వచ్చే వాహనం ముందుకే. అంచును ఎప్పుడూ ఏటవాలుగా ఎక్కరాదు. ఆగాలి, వెనుకకు చూడాలి, చక్రాన్ని అంచుకు ఎదురుగా నిలిపి ఎక్కాలి. ఎత్తు ఎక్కువైతే దిగి ఎత్తిపెట్టుకోవాలి. రైల్వే గేటు దగ్గర పట్టాల విషయమూ ఇంతే. గేటు తీయగానే అందరూ ఒక్కుమ్మడిగా మీదపడే తొందరలో సైకిలు వాడు ప్రక్కలకు నెట్టబడి పట్టాను ఏటవాలుగా దాటబోతాడు. చక్రం పట్టా ప్రక్క సందులో దిగితే ఇక చేయగలిగినది లేదు. పట్టాలను నిట్టనిలువుగా ఖండించినట్లు దాటాలి. అది కుదరని రద్దీ అయితే దిగి నడిపించుకుపోవడంలో నామోషీ లేదు.

గుంతల సంగతి అందరికీ తెలిసినదే. తెలియనిదల్లా కన్ను చేసే మోసం. గుంతను తప్పించాలని గుంతనే చూస్తూ పోయినవాడు గుంతలోనే దిగుతాడు, ఎందుకంటే చూపు పోయిన దారినే సైకిలు పోతుంది. గుంతను ఒకసారి చూచి, ఆ తరువాత దాని ప్రక్కనున్న మంచి నేలను చూడాలి. అక్కడక్కడ నాలుగు ఇటుకలు పరచి వాటి మధ్య నుండి నడిపిస్తే ఒక్క పూటలో ఈ మాటలోని నిజం తెలిసివస్తుంది. తప్పించలేని గుంత అయితే సీటు మీద నుండి కొంచెం లేచి, మోకాళ్లూ మోచేతులూ వంచి, రెండు పెడళ్లనూ సమంగా నిలిపి దాటించాలి.

హ్యాండిల్‌కు పుస్తకాల సంచి, దానికి తోడు టిఫిను క్యారియర్ తగిలించుకోవడం వంటివి పైన చెప్పిన నేర్పును మొత్తంగా కాజేస్తాయి. బరువు ఉండవలసిన చోటు వెనుక క్యారియర్. చెవులలో పాటల తీగెలు పెట్టుకొని పోయేవారికి చెప్పవలసినది వారికే తెలుసు.

విద్యార్థినులకు సంబంధించిన మాట ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఓణీ అయినా, దుపట్టా అయినా, బురఖా అయినా ధరించినంతమాత్రాన సైకిలుకు అనర్హత రాదు. వస్త్రం చక్రంలో, చెయినులో చిక్కకపోతే చాలు. చెయినుకు పూర్తి కవరు, వెనుక చక్రానికి రెండు వైపులా వల ఉన్న సైకిళ్లు దొరుకుతాయి. లేనివాటికి మన ఊరి సైకిలు షాపులోనే బిగిస్తారు. కొంగును ముందే బిగించి కట్టుకోవాలన్న సంగతి ఆడపిల్లలకు మనం చెప్పనక్కరలేదు. అయినా ఏదైనా అపాయం జరిగినప్పుడల్లా పెద్దలు మొదట వస్త్రాన్ని తప్పుపడతారు, తరువాత అమ్మాయిని తప్పుపడతారు, బ్రేకు రబ్బరును మాత్రం ఎవరూ చూడరు.

నా మిత్రులు కొందరు దీనికి చెప్పే అభ్యంతరం బలమైనదే. తప్పు రోడ్డుదీ, లారీదీ, ఎదురుగా తప్పు దారిలో వచ్చే ఆటోదీ అయి ఉండగా, పాపం సైకిలు వానికి పాఠాలు చెప్పడం ఏమి న్యాయమంటారు. మన దేశంలో ఒక్క 2022 సంవత్సరంలోనే రోడ్డు మీద మరణించిన సైకిలు వారు నాలుగు వేలకు మించి ఉన్నారు. వారందరూ నేర్పు చాలక పోయారని ఎవడైనా అంటే వానికంటె క్రూరుడు ఉండడు. ఎంత నేర్పరి అయినా నిద్రమత్తులో ఉన్న డ్రైవరును ఆపలేడు. రోడ్లు బాగుపడాలి, అంచులు పూడ్చాలి, సైకిళ్లకు వేరే దారి ఉండాలి. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో సూర్యవిద్యుత్ ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు, చక్కని పని. కాని మన విద్యార్థి వచ్చే దారి అది కాదు. అతడు కూరగాయల మార్కెట్టు మీదుగా, బైపాసు దాటి రావాలి. ఆ దారి బాగుపడేదాకా అతని చదువు ఆగదు గదా. న్యాయం కోసం అడుగుతూనే, ఈలోగా బ్రతికి ఉండే ఉపాయం నేర్పడం తప్పు కాదు. ఇంకొక వింత చూడండి. మోటారు సైకిలుకు లైసెన్సు కావాలంటే గీత మీద ఎనిమిది అంకె త్రిప్పి చూపాలి. అదే రోడ్డు మీద, అవే వాహనాల మధ్య, ఏ రక్షణా లేకుండా పోయే సైకిలు వానిని ఎవరూ ఏమీ అడుగరు. లైసెన్సు పెట్టమని నేననడం లేదు. పేదవాని బండికి కాగితాల బాధ రాకపోవడమే మంచిది. అడుగకపోయినా నేర్పవచ్చునంటున్నాను.

ఇది కళాశాల పని కాదనేవారికి ఇతర దేశాల సంగతి చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండులో పిల్లలకు సైకిలు ప్రావీణ్య పరీక్ష 1947లోనే మొదలైనది. 2007 నుండి దానిని మూడు మెట్లుగా నేర్పుతున్నారు: మొదట వాహనాలు లేని మైదానంలో, తరువాత నిశ్శబ్దమైన వీధులలో, ఆ తరువాతనే రద్దీ రోడ్లలో. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక పాఠశాల విడిచేలోగా పిల్లలు నిజమైన వీధులలో సైకిలు నడిపి పరీక్ష ఇస్తారు. అక్కడి రోడ్లు మనకంటె ఎన్నో రెట్లు సురక్షితమైనవి. అయినా నేర్పడం మానలేదు.

అంత దూరం పోనక్కరలేదు. మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990 దశకపు తొలి సంవత్సరాలలో అక్షరాస్యతా ఉద్యమంవారు స్త్రీలకు ఓనమాలతోపాటు సైకిలు నేర్పారు. లక్షకు పైగా పల్లె స్త్రీలు ఆ ఉద్యమంలో సైకిలు ఎక్కారని, సంప్రదాయ కుటుంబాల ముస్లిం యువతులు వారిలో ఉన్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ వ్రాశాడు. ఆడవారి సైకిళ్లు దొరకక మగవారి సైకిళ్లనే కొన్నారట. బీహారు ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాలలో చేరే బాలికలకు సైకిళ్లకై ధనసహాయం మొదలుపెట్టింది. 2017లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం ఆ పథకం వల్ల తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతం పెరిగింది, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘బడికొస్తా’ పేరుతో బాలికలకు సైకిళ్లు పంచారు. మన విద్యార్థినులలో కొందరి సైకిళ్లు ఆ విధంగా వచ్చినవే. పంపిణీ సభలను నేను చూచాను. పూలదండలు, ఉపన్యాసాలు, ఛాయాచిత్రాలు అన్నీ ఉన్నాయి. ఆ సైకిలును ఇంటిదాకా ఎట్లా క్షేమంగా నడపాలో చెప్పినవారు వేదిక మీద కనిపించలేదు.

కమిటీవారు ఈ సంవత్సరం సైకిలు స్టాండుకు రేకుల కప్పు వేయిస్తున్నారు, సంతోషం. ఎండకు సీటు కాలకుండా ఉంటుంది. దానితోపాటు నేను కోరేది స్వల్పం. జూలైలో తరగతులు ప్రారంభమైన తరువాత నాలుగు వారాలపాటు, మొదటి గంటకు ముందు నలభై నిమిషాలు, వాలీబాల్ కోర్టును మాకు ఇవ్వాలి. ఉర్దూ మాధ్యమం, తెలుగు మాధ్యమం అని విడదీయకుండా ప్రథమ సంవత్సరం వారందరినీ ఇరవై మంది చొప్పున పిలవాలి. విద్యార్థినులకు వేరే వేళ కావాలని తల్లిదండ్రులు కోరితే సాయంత్రం ఇవ్వవచ్చు. మన అధ్యాపకురాండ్రలో ఇద్దరు నేర్పడానికి ఇప్పటికే ఒప్పుకొన్నారు. మొదటి వారంలో సైకిలు షాపు మేస్త్రీని పిలిపించి ప్రతి సైకిలుకూ బ్రేకులు, గాలి, సీటు ఎత్తు సరిచూపించాలి. క్రీడోత్సవంలో నిదానపు సైకిలు పందెంలో అమ్మాయిలకు కూడా ప్రవేశం కల్పించి, దానికీ ఒక కప్పు పెట్టాలి. బస్సు వచ్చేటప్పుడు వస్తుంది. వారానికి మూడు రోజులే వస్తున్న ఆ విద్యార్థిని మొదటి బృందంలో చేరడానికి ఆమె తండ్రి అంగీకరించారు.

కావలసిన సామగ్రి ఒక సున్నం బస్తా, ఒక డజను ఇటుకలు. ఇటుకలు కొత్త ప్రయోగశాల కట్టుబడిలో మిగిలినవి గోడ వెనుక పడి ఉన్నాయి. సున్నం నేను తెస్తాను.